అన్ని రకాల బ్యాగులూ కుడుతున్నాం, ఎవరి కోసం కుట్టాలో తేలడం లేదు

ప్రశ్న: అక్కా, నేనూ మా తమ్ముడూ కలిసి రెండున్నరేళ్లుగా బ్యాగులు కుట్టే చిన్న యూనిట్ నడుపుతున్నాం. మూడు మిషన్లు, మాతో కలిపి నలుగురం. స్కూల్ బ్యాగులు, ల్యాప్‌టాప్ బ్యాగులు, ప్రయాణం బ్యాగులు, చేతిసంచులు, ఏది అడిగితే అది కుడతాం. రోజుకు 12 దాకా కుట్టగలం. కానీ నెలలో సగం రోజులు మిషన్లు ఖాళీగా ఉంటాయి, మిగతా సగంలో పనంతా ఒక్కసారే మీద పడుతుంది. ధర దగ్గర పెద్ద కంపెనీలతో నెగ్గలేకపోతున్నాం. ఎవరిని అడిగినా నీష్ మార్కెట్, అంటే ఒకే రకం అవసరం ఉన్న చిన్న వర్గాన్ని, పట్టుకోమంటున్నారు. ఆఫీసులకు వెళ్లే మహిళలు, కాలేజీ విద్యార్థులు, ఫొటోగ్రాఫర్లు, గిటార్, వయొలిన్ లాంటివి వాయించేవాళ్లు అని నాలుగు రాసుకున్నాం. ఒకటి పట్టుకుంటే మిగతావాళ్లు పోతారేమో అని టెన్షన్. తమ్ముడు బోర్డు మీద ‘అన్ని రకాల బ్యాగులు’ అన్న మాట ఇప్పుడే తీసేద్దాం అంటాడు, నాకు ధైర్యం చాలడం లేదు. వీటి మధ్యలో చిల్లర పనులొకటి. ఇళ్లకు వెళ్లి రోగుల్ని చూసే నర్సు ఒకామె మూడుసార్లు వచ్చి అరలు మార్పించుకుంది, తనతో పనిచేసే ఇద్దరిని కూడా తీసుకొచ్చింది. టైమంతా ఇలాంటి వాటికే పోతోంది. మాకు దారి చెప్పండి.

సమాధానం: అక్కా అని పిలిచారు కాబట్టి మొహమాటం లేకుండా చెబుతాను. మీ ఉత్తరం మొదటిసారి చదివినప్పుడు మీరు రాసుకున్న ఆ నాలుగు పేర్ల దగ్గరే నా ధ్యాస ఉంది. రెండోసారి చదువుతుంటే చివర్లో విసుగ్గా రాసిన ముక్క దగ్గర ఆగిపోయాను. ఒక మనిషి మూడుసార్లు మీ దగ్గరికి వచ్చింది, అరలు ఎక్కడ ఉండాలో చెప్పి మరీ మార్పించుకుంది, పిలవకుండానే ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకొచ్చింది. మీరు దాన్ని చిల్లర పని అని పక్కకు నెట్టారు. మీరు వెతుకుతున్నది అదే కావచ్చు. కావచ్చు అనే అంటున్నాను, అవునని తేల్చుకోవడానికి కొంత పని ఉంది, ఆ పనేమిటో చెబుతాను.

ముందు మీరు రాసుకున్న పేర్లు. ‘ఆఫీసులకు వెళ్లే మహిళలు’ అన్నారు. ఒకామె కిక్కిరిసిన బస్సులో గంటసేపు నిలబడి వెళ్తుంది, ఆమెకు బ్యాగు ముందువైపు తగిలించుకోగలగాలి, జిప్పు ఒంటివైపు ఉండాలి. ఇంకొకామె కారులో వెళ్తుంది, బ్యాగు పక్క సీట్లో బోర్లా పడకుండా నిలబడితే చాలు. మరొకామె ఇంటి నుంచే పని చేస్తూ నెలకు రెండుసార్లు ఆఫీసుకు పోతుంది, అసలు బ్యాగు గురించే ఆలోచించదు. ముగ్గురూ ఆఫీసులకు వెళ్లే మహిళలే, కానీ ఒకే బ్యాగు ముగ్గురికీ నప్పదు. వయసు, చదువు, ఉద్యోగం లాంటివి జనాభా లెక్కలకు పనికొస్తాయి గానీ అర ఎక్కడ పెట్టాలో, పట్టీ ఎంత వెడల్పు ఉండాలో మీకు చెప్పవు. నీష్ అనే మాటకు అసలు అర్థం గోడలో గూడు. గూడు కట్టేటప్పుడు అందులో ఏది పెడతామో దాని కొలతే ముందు చూసుకుంటాం కదా. మీకూ అంతే, ఒకే పని చేస్తూ ఒకే చోట ఇబ్బంది పడే మనుషులు కావాలి. అప్పుడే ఒకరికి సరిపోయింది పక్కవాళ్లకీ సరిపోతుంది.

ఇప్పుడు ఆ నర్సు గురించి. ఇళ్లకు వెళ్లి రోగుల్ని చూసే నర్సు బ్యాగులో బీపీ మిషన్, థర్మామీటర్, షుగర్ చూసే పరికరం, దాని స్ట్రిప్పులు, గ్లవ్స్, డ్రెస్సింగ్ సామాను, కాగితాలు ఉంటాయి. ఆ బ్యాగు ఒక రోగి ఇంటి నుంచి మరో రోగి ఇంటికి తిరుగుతుంది, అందువల్ల దాన్ని ఎలా వాడాలన్నదానికి ఒక పద్ధతే ఉంది. కమ్యూనిటీ నర్సింగ్ శిక్షణలో దాన్ని ‘బ్యాగ్ టెక్నిక్’ అనే పేరుతో నేర్పుతారు. బ్యాగును నేల మీద పెట్టకూడదు, శుభ్రమైన చోట కింద కాగితమో గుడ్డో పరిచి దాని మీద పెట్టాలి, చేతులు శుభ్రం చేసుకున్నాకే లోపల చెయ్యి పెట్టాలి, శుభ్రమైన వస్తువులూ వాడేసిన వస్తువులూ కలవకూడదు. ఒక వృత్తిలో బ్యాగు తెరవడానికి కూడా ఇంత పద్ధతి ఉందంటే కుట్టేవాళ్లకు అది ఎంత పెద్ద కబురో ఒక్కసారి ఆలోచించండి.

ఆ పద్ధతిని మీ మిషన్ దగ్గరికి తెచ్చుకుని చూడండి. చేతులు కడుక్కోకముందే లోపల చెయ్యి పెట్టకూడదు కాబట్టి శానిటైజర్, పరిచే కాగితం బయటి అరలోనే ఉండాలి. ఒక చేత్తో రోగిని పట్టుకుని ఉన్నప్పుడు రెండో చేత్తో వస్తువు తియ్యాలి కాబట్టి మూత తెరిచాక మళ్లీ దానంతట అది మూసుకుపోకూడదు, అంచులో తీగ పెట్టాలేమో. వాడేసినవి వేసే అర మిగతా బ్యాగుతో కలవకుండా విడిగా తీసి కడుక్కునేలా ఉండాలి. కాన్వాస్ తడిని పీల్చేస్తుంది, కాబట్టి తుడిస్తే పోయే కోటింగ్ ఉన్న గుడ్డ వాడాలి. లోపలి లైనింగ్ లేత రంగులో ఉంటే మరక వెంటనే కనిపిస్తుంది. అడుగున కుట్లు ఎంత తక్కువ ఉంటే మురికి పట్టే సందులు అంత తక్కువ. ఇవన్నీ నేను ఊహించి చెబుతున్నవి. ఆమె మూడుసార్లు వచ్చి మార్పించుకున్నది ఏమిటో మీకు బాగా తెలుసు, అవి నా ఊహల కన్నా విలువైనవి. ఆ మూడు మార్పులూ ఎక్కడన్నా రాసి పెట్టారా? లేకపోతే ఇవాళే రాయండి, మొదట ఏం మార్పించింది, దేనికి, తర్వాత ఏం మార్పించింది. ఇంత చేసే ఓపిక పెద్ద కంపెనీకి ఉండదు. వాళ్లకు ఒక్క డిజైన్ వేలకు వేలు అమ్ముడైతేనే గిట్టుబాటు. మీకు ధర దగ్గర వాళ్లతో పోటీ పడే అవసరమే రాని చోటు ఇలాంటిదే.

ఇక మీ భయం సంగతి. ఒకటి పట్టుకుంటే మిగతావాళ్లు పోతారన్న భయం వ్యాపారం చేసే ప్రతి ఒక్కరికీ ఉంటుంది, నాకూ ఉండేది. 1990లో అమెరికాలో ఆక్సో అనే కంపెనీ ‘గుడ్ గ్రిప్స్’ పేరుతో వంటింటి పనిముట్లు తెచ్చింది. దాని వెనక ఉన్న సామ్ ఫార్బర్‌కు ఆ ఆలోచన ఎలా వచ్చిందంటే, ఆయన భార్య బెట్సీకి కీళ్లవాతం, చేతి వేళ్లతో సన్నటి ఇనప పీలర్ పట్టుకుని తొక్క తీయలేక అవస్థ పడేవారు. పట్టు కోసం లావుగా, మెత్తగా, తడి చేత్తో పట్టుకున్నా జారని రబ్బరు పిడి పెట్టించారు. కీళ్లవాతం ఉన్నవాళ్ల ఇబ్బంది నుంచి పుట్టిన ఆ పిడిని వేళ్లు బాగున్నవాళ్లు కూడా ఎగబడి కొన్నారు, ఎందుకంటే పాత పీలర్ అందరి చేతినీ నొప్పి పెట్టేది, పైకి చెప్పినవాళ్లు లేరంతే. ఎక్కువ ఇబ్బంది పడేవాళ్ల కోసం బాగా చేసిన వస్తువు తక్కువ ఇబ్బంది పడేవాళ్లనీ లాక్కొస్తుంది. నర్సు కోసం కుట్టిన బ్యాగును రేపు ఇళ్లకు వెళ్లే ఫిజియోథెరపిస్టులు, రక్త నమూనాలు తీసుకునేవాళ్లు అడగొచ్చు. అందరి కోసం కుట్టిన బ్యాగును మాత్రం నర్సు వచ్చి మార్పించుకోవాల్సి వచ్చింది, అది మీ కళ్ల ముందే జరిగింది.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఇప్పుడు నైకీ అంటున్న కంపెనీ 1964లో బ్లూ రిబ్బన్ స్పోర్ట్స్ అనే పేరుతో మొదలైంది. ఫిల్ నైట్ జపాన్ నుంచి తెప్పించిన పరుగు బూట్లను పరుగు పందేలు జరిగే చోటికి కారులో వేసుకెళ్లి అమ్మేవాడు. ఆయన భాగస్వామి బిల్ బోవర్‌మన్ పరుగు నేర్పే కోచ్. నడిచేవాళ్లకూ ఆడేవాళ్లకూ అందరికీ కావాల్సిన వస్తువే అయినా వాళ్లు వెతుక్కున్నది పరిగెత్తేవాళ్లను, అది కూడా వాళ్లంతా ఒక్కచోట చేరే మైదానంలో. నాకు ఇందులో బాగా నచ్చేది ఆ మైదానమే. కొనేవాళ్లు ఎక్కడ గుమిగూడతారో తెలిస్తే అమ్మకం ఖర్చు సగం తగ్గిపోతుంది. ఈ సంగతి నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను.

నేను పదకొండేళ్లు చిన్న ప్రింటింగ్ ప్రెస్ నడిపాను. మీలాగే అన్నీ వేసేవాళ్లం, కార్డులు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు, స్టిక్కర్లు. మొదటిసారి ఒక్క వర్గాన్ని పట్టుకుందామనుకున్నప్పుడు చూపు తగ్గిన పెద్దవాళ్ల కోసం పెద్ద అక్షరాల ఖాతా పుస్తకాలు, ఫోన్ నంబర్ల పుస్తకాలు వేశాం. అవసరం నిజమే, వాడినవాళ్లు చేతులు పట్టుకుని మెచ్చుకున్నారు. అయినా ఎనిమిది నెలల్లో ఆపేయాల్సి వచ్చింది. ఆ పెద్దవాళ్లు ఎక్కడా ఒక్కచోట దొరకరు. తమకు చూపు తగ్గిందని ఒకరితో ఒకరు చెప్పుకోరు కూడా. కొనివ్వాల్సింది పిల్లలు, వాళ్లు ఇంకెక్కడో ఉంటారు, అమ్మానాన్నలకు అది కావాలని వాళ్లకు తట్టదు. దాంతో అమ్మిన ప్రతి పుస్తకానికీ మళ్లీ మొదటి నుంచి తిరగాల్సి వచ్చేది. అవసరం ఉంటే చాలదు, ఆ అవసరం ఉన్నవాళ్ల దగ్గరికి మనం వెళ్లే దారి ఉండాలి, వాళ్ల మధ్య మాట పాకాలి.

రెండోది మాకు ఒక ఫిర్యాదు రూపంలో వచ్చింది. ఇంట్లో సబ్బులు తయారు చేసి అమ్మే ఒకామె మేం వేసిచ్చిన లేబుళ్లు తెచ్చి బల్ల మీద పరిచింది. సబ్బులోని నూనె కాగితంలోకి ఊరి అక్షరాల చుట్టూ మచ్చ కట్టింది, తడి తగిలిన చోట రంగు కారింది, అంచులు పైకి లేచాయి. ఆమె కోపంలో న్యాయం ఉంది. ఆ రాత్రి ఆ లేబుళ్లను వరసగా పెట్టుకుని ఏది ఎక్కడ ఊడిందో చూశాను. కాగితం మానేసి ప్లాస్టిక్ ఫిల్మ్ మీద వేశాం, జిగురు మార్చాం, సబ్బుకు చుట్టి నీళ్ల గిన్నె పక్కన వారం రోజులు ఉంచి చూశాం. పైగా వీళ్లు ఒక్కో సువాసనకు వంద లేబుళ్లే అడుగుతారు, పెద్ద ప్రెస్‌లు ఆ లెక్కకు ముట్టుకోవు. సబ్బులు చేసేవాళ్లు ఒకే శిక్షణ తరగతులకు వెళ్తారు, ఒకే వాట్సాప్ గ్రూపుల్లో ఉంటారు, నూనె ఎక్కడ కొనాలో ఒకరినొకరు అడుగుతారు, లేబుళ్లు ఎక్కడ వేయించుకోవాలో కూడా అలాగే అడిగారు. ఏడాదిన్నర తిరిగేసరికి ప్రెస్ పనిలో సగం అదే అయింది. ఎక్కడా ప్రకటన ఇవ్వలేదు. మీ నర్సు ఇంకో ఇద్దరిని తీసుకొచ్చిందని చదవగానే నాకు ఆ బల్ల మీద పరిచిన లేబుళ్లు గుర్తుకొచ్చాయి.

సరే, ఇది మీకు సరిపడేంత మార్కెట్టా కాదా? లెక్క వేద్దాం, చాలామంది ఈ లెక్క వేయకుండానే నీష్ చిన్నదనో పెద్దదనో తేల్చేస్తారు. రోజుకు 12, నెలకు 25 పని దినాలు అంటే 300 బ్యాగులు, ఏడాదికి 3,600. ఇందులో సగం ఒక్క వర్గానికే కుట్టాలనుకుంటే ఏడాదికి 1,800. రోజూ వాడే బ్యాగు రెండేళ్లు మన్నుతుందనుకుంటే, ఎప్పుడు చూసినా 3,600 మంది మీ బ్యాగు మోస్తూ ఉండాలి. అంతమంది నర్సుల్ని ఒక్కొక్కరినీ పట్టుకోవాలంటే గుండె జారుతుంది. కానీ వాళ్లలో చాలామంది ఇంటి వద్ద వైద్యసేవ అందించే సంస్థల్లోనే పనిచేస్తారు. ఒక్కో సంస్థలో 40 మంది అనుకుంటే 90 సంస్థలు చాలు. 90 అంటే నోట్‌బుక్‌లో పేర్లు రాసుకోగల సంఖ్య, ఒక్కొక్కరికీ ఫోన్ చేయగల సంఖ్య. అదే వాద్యాల కవర్లు తీసుకోండి, కవరు అయిదేళ్లు మన్నుతుందంటే మీకు 9,000 మంది కావాలి, పైగా ఎక్కువ మంది ఎవరికి వారుగా కొంటారు. ఈ రెండేళ్లు, అయిదేళ్లు, 40 మంది అన్నవి నేను వేసుకున్న అంచనాలు, మీరు వాకబు చేసి మీ అంకెలు పెట్టుకోండి. పద్ధతి మాత్రం ఇదే, నేను ఎంత కుట్టగలను, అది ఎన్నాళ్లు మన్నుతుంది, ఎంతమంది కావాలి, వాళ్లను నేను పేరు పెట్టి పిలవగలనా.

మీ మిగతా మూడింటి గురించి క్లుప్తంగా చెప్పేస్తాను. కాలేజీ విద్యార్థులు ముందు ధర చూస్తారు, తర్వాత బ్రాండ్ చూస్తారు, ఏడాదికొక్కసారి కొంటారు, వాళ్ల జోలికి పోకండి. ఫొటోగ్రాఫర్లకు అవసరం గట్టిదే, డబ్బు కూడా పెడతారు, కానీ అక్కడ ఆ ఒక్క పనే చేసే పెద్ద కంపెనీలు ఏళ్ల తరబడి పాతుకుపోయి ఉన్నాయి, వాళ్లు తీర్చని ఇబ్బంది ఏదన్నా మీకు కనిపిస్తే తప్ప వద్దు. వాద్యాల కవర్లు మంచి ఆలోచనే, సంగీతం నేర్పే మాస్టార్ల ద్వారా వెళ్లొచ్చు. నర్సుల లెక్క తప్పితే నా రెండో ఓటు దానికే.

నా మాట మీద కూడా అంత నమ్మకం పెట్టుకోకండి. రెండున్నరేళ్ల బిల్లు పుస్తకాలు ఉంటాయి కదా, ఒక రాత్రి మీరూ తమ్ముడూ వాటి ముందు కూర్చోండి. మూడు రంగుల పెన్నులు తీసుకోండి. రెండోసారి వచ్చినవాళ్లకు ఒక రంగు గీత, ఇంకొకరిని తీసుకొచ్చినవాళ్లకు ఒకటి, బేరం ఆడకుండా చెప్పిన ధర ఇచ్చినవాళ్లకు ఒకటి. మూడు గీతలూ పడ్డవాళ్లు పదిమంది కూడా ఉండకపోవచ్చు, ఫర్వాలేదు. వాళ్లు ఏం పని చేస్తారో పక్కన రాయండి. తలలో పుట్టిన జాబితా కన్నా ఈ జాబితా నమ్మదగ్గది, ఎందుకంటే ఇది వాళ్లు డబ్బు పెట్టి చెప్పిన మాట. నర్సులు కాక ఇంకెవరో అందులో కనిపిస్తే నేను చెప్పినదంతా వాళ్లకు అన్వయించుకోండి, నాకేం పట్టింపు లేదు.

తర్వాత మనుషులతో మాట్లాడాలి. ఇక్కడ అందరూ ఒక తప్పు చేస్తారు, ‘ఇలాంటి బ్యాగు కుడితే మీరు కొంటారా’ అని అడుగుతారు. ఎదుటి మనిషి మొహమాటానికి ఓ తప్పకుండా అంటారు, మీరు వంద బ్యాగులు కుట్టేసి కూర్చుంటారు. అలా అడగొద్దు. ఇప్పుడు వాడుతున్న బ్యాగు చూపించమనండి. వీలైతే అందులోవి బయట పెట్టి, మీరు చూస్తుండగా మళ్లీ సర్దమనండి. ఏ వస్తువు కోసం తడుముకుంటున్నారు, దేన్ని పాలిథీన్ కవర్లో చుట్టి పెట్టారు, ఏ అర ఖాళీగా ఉంది, ఎక్కడ పిన్నీసు గుచ్చారు, ఏ పట్టీకి గుడ్డ చుట్టారు అని చూడండి. మనిషి సొంతంగా చేసుకున్న ఆ చిన్న చిన్న ఏర్పాట్లే మీకు కావాల్సిన డిజైన్. నిన్నటి డ్యూటీలో ఈ బ్యాగు వల్ల ఎక్కడ ఇబ్బంది వచ్చిందో చెప్పమనండి, ఎప్పుడో అని కాదు, నిన్న. దీని కోసం ఇప్పటికే ఏమన్నా ఖర్చు పెట్టారా అని అడగండి. ఒక్క రూపాయి కూడా ఖర్చు పెట్టని ఇబ్బందిని తీర్చినా రేపు కొనరు. ముప్పైమందితో మాట్లాడేసరికి కొత్త మాట రావడం తగ్గిపోతుంది, విన్నదే మళ్లీ వింటుంటారు. అప్పుడు కత్తెర పట్టుకోండి.

అప్పటికి కూడా పాత పనులు ఆపొద్దు. మూడు మిషన్లలో ఒకదాన్ని వారానికి రెండు రోజులు దీనికి కేటాయించండి, మీకు ఎలాగూ ఖాళీ రోజులున్నాయి. మూడు నెలలు గడువు పెట్టుకోండి. ఒక్క రకం బ్యాగే, ఒక్క సైజే, రెండు రంగులకు మించి వద్దు. పది కుట్టండి, ఊరికే ఇవ్వకండి, ధర చెప్పి అడ్వాన్స్ తీసుకునే కుట్టండి. ఊరికే ఇస్తే లోపాలు చెప్పడానికి మొహమాటపడతారు, డబ్బు పెట్టినవాళ్లు నిర్మొహమాటంగా చెబుతారు, మీకు కావాల్సింది ఆ మాటే. కుట్టే ముందు గుడ్డ ముక్క ఒకటి తీసుకుని వాళ్లు నిజంగా వాడే శానిటైజర్‌తో, వాళ్ల సంస్థలో వాడే క్రిమిసంహారక ద్రావణంతో రెండు వందల సార్లు తుడిచి చూడండి. కొన్ని కోటింగులు స్పిరిట్‌కి, బ్లీచింగ్‌కి పగిలి పొలుసులుగా లేస్తాయి. ఆ సంగతి బ్యాగు వాళ్ల చేతికి వెళ్లాక తెలిస్తే మాట పోతుంది, నలుగురూ ఒకరికొకరు తెలిసిన వర్గంలో మంచి మాట ఎంత త్వరగా పాకుతుందో చెడ్డ మాటా అంతే త్వరగా పాకుతుంది. ఇంకోటి, ఈ బ్యాగు వాడితే రోగాలు సోకవు లాంటి మాటలు పొరపాటున కూడా అనకండి. తుడవడానికి తేలిక, సర్దడానికి తేలిక, అంతే చెప్పండి, అది నిజం కాబట్టి.

మూడు నెలల తర్వాత ఏం చూడాలంటే, ఆ పదిమందిలో కనీసం ముగ్గురు మీరు అడక్కుండానే ఇంకొకర్ని పంపించారా, మీకు ఒక్కో బ్యాగు మీద మామూలు బ్యాగు కన్నా ఎక్కువ మిగిలిందా, ఒక్క సంస్థ అయినా పదో ఇరవయ్యో కావాలని అడిగిందా. మూడింటికి రెండు అవునంటే ముందుకు వెళ్లండి. ఒక్కటీ లేకపోతే నష్టపోయింది వారానికి రెండు రోజులు, అవి ఎలాగూ ఖాళీ రోజులే, బిల్లు పుస్తకం చూసి రాసుకున్న జాబితాలో తర్వాతి వర్గం వైపు తిరగండి. సరిగ్గా ఒకటి మాత్రమే అవునంటే నేనైతే బ్యాగు మార్చి ఇంకో నెల చూస్తాను. అందులోనూ మనుషుల్ని పంపించడం జరిగి లాభం మిగలకపోతే ధర పెంచి చూడండి, కొత్తవాళ్లు భయపడేది ఎక్కువగా అక్కడే.

సంస్థల దగ్గరికి వెళ్లినప్పుడు ఒక చిక్కు ఉంది, ముందే చెబుతున్నాను. బ్యాగు మోసే మనిషి వేరు, డబ్బు ఇచ్చే మనిషి వేరు. నర్సుకు భుజం నొప్పి తగ్గడం ముఖ్యం, కొనుగోళ్లు చూసే మనిషికి ఆ బ్యాగు ఎన్నాళ్లు మన్నుతుంది, జిప్పు పోతే ఎవరు మారుస్తారు, బిల్లు సక్రమంగా ఇస్తారా అన్నవి ముఖ్యం. ఇద్దరితోనూ వాళ్ల మాటల్లోనే మాట్లాడాలి. రిపేరు మీరే చేస్తామని రాసివ్వండి, పెద్ద కంపెనీలు ఆ హామీ ఇవ్వడం తక్కువ, మీకేమో అది చేతిలో పని. డబ్బు మాత్రం నలభై రోజులు, అరవై రోజులు అని సాగదీస్తారు, గుడ్డ ఖర్చుకు సరిపడా అడ్వాన్స్ లేకుండా పెద్ద ఆర్డరు ముట్టుకోకండి. ఎంత పెద్ద సంస్థ అయినా మీ మొత్తం పనిలో మూడో వంతుకు మించి వాళ్లదే కాకుండా చూసుకోండి. ఒకే వర్గాన్ని నమ్ముకోవడం వేరు, ఒకే కొనుగోలుదారుణ్ని నమ్ముకోవడం వేరు. రెండోది మనల్ని నిద్రపోనివ్వదు.

బోర్డు గొడవ గురించి. తమ్ముడి తొందర నాకు అర్థమవుతుంది, అతను చెప్పే దిశ కూడా సరైనదే, కానీ బోర్డు చూసి వచ్చే మనిషి ఇవాళ మీ ఇల్లు గడుపుతున్నాడు. ఆ మాట అలాగే ఉంచండి. కొత్త బ్యాగుకు విడిగా ఒక చిన్న కాగితం వేయించండి, దాని మీద ‘ఇళ్లకు వెళ్లే నర్సుల కోసం’ అని మొదటి వాక్యంలోనే ఉండాలి, కింద నాలుగు ఫొటోలు, తెరిచిన బ్యాగు, బయటి అర, విడిగా తీసే అర, అడుగుభాగం. స్కూల్ బ్యాగుల మాట అందులో ఎక్కడా రానివ్వకండి. పాత పనుల్లో కూడా ఏది ముందు వదిలేయాలో బిల్లు పుస్తకమే చెబుతుంది, బేరం ఎక్కువ, మార్పులు ఎక్కువ, మళ్లీ రాని ఆర్డర్లు ఏవో చూసి వాటికి కొంచెం ధర పెంచండి, ఉండేవాళ్లు ఉంటారు, పోయేవాళ్లు పోతారు. కొత్త పని మూడు మిషన్లలో రెండింటిని నింపిన రోజున తమ్ముణ్ణే నిచ్చెన ఎక్కి బోర్డు మార్చమనండి.

ఆ నర్సు నంబరు మీ దగ్గర ఉండే ఉంటుంది. డ్యూటీ అయిపోయే టైమ్ కనుక్కుని ఫోన్ చేయండి, మీరు చేయించుకున్న మార్పుల గురించి అరగంట మాట్లాడాలి, మీకు ఎక్కడ వీలైతే అక్కడికి వస్తాం అని అడగండి. వెళ్లేటప్పుడు టేపు, నోట్‌బుక్ తీసుకెళ్లండి, తమ్ముణ్ణి కూడా. ఆమె బ్యాగు బల్ల మీద సర్దుతున్నప్పుడు మీరిద్దరూ మాట్లాడకుండా చూడండి, చూసినవి విడివిడిగా రాసుకోండి, ఇంటికొచ్చాక పోల్చుకోండి. ఇద్దరి కాగితాల్లోనూ ఉన్న మొదటి మూడు విషయాలు నాకు రాసి పంపండి, మొదటి పది బ్యాగుల్లో ఏవి పెట్టాలో, ఏవి తర్వాతకు ఉంచాలో అప్పుడు కలిసి చూద్దాం.